కాకి ముట్టని పిండం

పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ పశువుల డాక్టరు జవాబులు

ప్రశ్న: మా నాన్నగారు మాఘమాసంలో పోయారు. పదో రోజు రాజమండ్రి కోటిలింగాల రేవులో జరిపించాం. ధర్మోదకాలయ్యాక పిండం మెట్ల పక్కన పెట్టి ఎదురుచూశాం. గంటన్నర గడిచినా కాకి ముట్టలేదు. చెల్లెలి కూతురి పెళ్ళి నేనే చేస్తానన్నాను, ఊళ్ళో ఇల్లు అమ్మనన్నాను, తమ్ముడి అప్పు తీరుస్తానన్నాను. రెండు కాకులు కరెంటు తీగ మీద కూర్చుని చూశాయే తప్ప దిగలేదు. చివరికి పిండం ఆవుకు పెట్టించారు. నాన్నకు ఏదో కోరిక మిగిలిపోయిందని మా మేనత్త అప్పటి నుంచీ అంటూనే ఉంది. నాకు నిద్ర పట్టడం లేదు. ప్రాణులన్నీ ఒకటేనని ప్రవచనాల్లో వింటుంటాను. అసలు ఒక కాకికీ మా నాన్నకూ సంబంధం ఏమిటండీ?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: నాయనా, ముందు కాకి సంగతి తేల్చేద్దాం. సంబంధం సంగతి తర్వాత.

ఆ రేవులో పొద్దున్నుంచీ వరసగా పిండాలు పెడుతూనే ఉంటారు. మీ వంతు ఎన్నింటికి వచ్చిందో రాయలేదు. పదకొండు దాటి ఉంటే మాత్రం ఆ తీగ మీద కాకులు అప్పటికే పదిళ్ళ పెద్దల పిండాలు తిని కూర్చుని ఉంటాయి. పైగా మీ వెనక పదిహేనుమంది నిలబడి, అందులో నలుగురు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తూ ఉంటారు. ఉత్తినే అంటున్నాననుకోకండి, ఈమధ్య నేను వెళ్ళిన ప్రతి కర్మలోనూ ఇదే చూశాను. మనం మనుషుల్ని అనుమానపు పక్షి అని తిడతాం గానీ అసలు అనుమానపు పక్షి కాకే. కొత్త వస్తువు కనిపిస్తే దాని దగ్గరికి రావడానికి వంద ఆలోచిస్తుంది. ముఖాలు కూడా గుర్తుపెట్టుకుంటుంది. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు మాస్కు పెట్టుకుని కొన్ని కాకుల్ని పట్టి వదిలేశారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ మాస్కు కనపడ్డప్పుడల్లా కాకులు గోల చేసి తరిమాయి. అలాంటి జీవి ఫోన్ల మధ్యలోకి దిగి మీ చేతి ముద్ద తినలేదంటే తప్పు మీ నాన్నగారి మీదికి ఎందుకు తోయాలి?

ఆయనకు కోరికలు మిగల్లేదని మాత్రం నేను అనను. డెబ్బై దాటిన నాకు ఈ పొద్దుటికే ఓ నలభై ఉన్నాయి, అందులో ఒకటి ఆవకాయ. కోరిక మిగలకుండా పోయేవాడు ఎవడు? మీ మేనత్త గారికి తోడబుట్టినవాడు పోయాడు, ఆ దుఃఖాన్ని ఆవిడ ఆ మాటగా అంటున్నారు. అది మీ మీద ఫిర్యాదు అనుకోవద్దు. వచ్చే మాసికానికి ముద్ద తెల్లవారుజామునే మేడ మీద పెట్టి, మీరు కిందికి వచ్చేయండి.

ఇక సంబంధం. దీన్ని నేను ఏ ప్రవచనంలోనూ నేర్చుకోలేదు. నా చేతిలో సూది నేర్పింది.

1996లో నల్లమల అంచున ఒక చిన్న పశువైద్యశాలలో పనిచేసేవాణ్ణి. ఆ ఊళ్ళో ఒక ముసలామెకు ఉన్నది ఒకటే గేదె. దానికి పొదుగువాపు వచ్చింది, జ్వరం, లేవలేకపోతోంది. పశువులకు డైక్లోఫెనాక్ సూదిమందు చవగ్గా దొరకడం అప్పుడప్పుడే మొదలైంది. నొప్పికీ వాపుకీ జ్వరానికీ అదే మందు. మధ్యాహ్నం మెడ కండలో వేశాను. పొద్దు వాలేసరికి గేదె లేచి నిలబడి నెమరేసింది. ముసలామె నా చెప్పులు తాకి కళ్ళకద్దుకుంది. వద్దంటూనే లోపల పొంగిపోయాను. రెండో రోజు మళ్ళీ ఒకటి వేశాను. మూడో రోజు తెల్లారేసరికి గేదె పోయింది. ఆ మందు నొప్పిని తీసింది గానీ రోగాన్ని తీయలేదు.

ఊరికి పడమట, వాగు దాటాక, చచ్చిన గొడ్లను వేసే దిబ్బ ఉండేది. చర్మం ఒలిచేవాళ్ళు ఒలుచుకుపోయాక మిగతా పనంతా రాబందులది. నలభై యాభై దిగేవి. రెక్కలు విప్పుకుని తోసుకుంటూ, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, చూడ్డానికి పెళ్ళిలో రెండో పంక్తికి తోసుకునే జనంలాగే ఉండేవి. పూట తిరిగేసరికి ఎముకలు మిగిలేవి. ఆ ఎముకల్ని కూడా ఏరుకుపోయేవాళ్ళు ఉండేవాళ్ళు. ఆ గేదెనూ అక్కడికే ఈడ్చారు.

నాలుగైదు రోజుల తర్వాత స్కూటర్ మీద ఆ దారిన వెళ్తుంటే తుమ్మచెట్టు మీద ఒక రాబందు తల వేలాడేసుకుని కూర్చుంది. మెడలో ఎముక లేనట్టు, ముక్కు రొమ్ముకు ఆనుతూ. నిద్రపోతోందనుకున్నాను. తిరిగి వచ్చేటప్పటికి చెట్టు కింద పడి ఉంది. కోసి చూడాల్సింది నేను. కోడి చస్తే కోసి చూస్తాం, గొర్రె చస్తే చూస్తాం. రాబందుకు యజమాని లేడు కదా, ఎందుకు చచ్చిందని అడిగేవాడెవడు? కోసి ఉంటే గుండె మీదా కాలేయం మీదా సుద్ద పూసినట్టు తెల్లటి పొర కనిపించేది. మూత్రపిండాలు చెడిపోయి, బయటికి పోవాల్సిన యూరిక్ ఆమ్లం లోపలే పేరుకుంటే అలా అవుతుంది. నాకు తెలియనిది కాదు, కోళ్ళలో ఎన్నిసార్లు చూశానో. స్టాండు కూడా వేయకుండా, ఒక కాలు నేల మీద ఆనించి ఓ నిమిషం చూసి వచ్చేశాను.

ఆ ఒక్క పక్షిని చంపింది నా సూదేనని రుజువేమీ లేదు. కాదని చెప్పే ధైర్యమూ నాకు లేదు.

రాజస్థాన్‌లో భరత్‌పూర్ దగ్గర విభు ప్రకాష్ అనే పక్షుల శాస్త్రజ్ఞుడు ఆ రోజుల్లోనే రాబందులు పోతున్నాయని లెక్క కట్టి మొత్తుకుంటున్నారు. కారణం 2004లో తెలిసింది. లిండ్సే ఓక్స్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడి బృందం పాకిస్తాన్‌లో చచ్చిన రాబందుల్ని కోసి పరీక్షించి, గొడ్లకు వేసిన డైక్లోఫెనాక్ అని తేల్చింది. వందలో ఒక్క కళేబరంలో మందు ఉన్నా చాలట వాటి వంశం అంతరించడానికి. ఎందుకంటే ఒక గొడ్డు మీద యాభై పక్షులు ఒకేసారి కూర్చుంటాయి. ఆడపక్షి ఏడాదికి పెట్టేది ఒక్కటే గుడ్డు, ఆ పిల్ల గుడ్డు పెట్టే ఈడుకు రావడానికి అయిదేళ్ళు. 1992లో తెల్లవీపు రాబందులు వెయ్యి ఉన్నాయనుకుంటే 2007 నాటికి వాటిలో మిగిలింది ఒకటి.

మా దిబ్బ మీదికి కుక్కలు వచ్చాయి. ముందు అయిదారు, మూడేళ్ళు తిరిగేసరికి ముప్పై. గొడ్డు కుళ్ళేది, వాసన ఊళ్ళోకి కొట్టేది, వానొస్తే ఆ నీళ్ళు వాగులోకి. 2001లో బడికి పోయే పిల్లవాణ్ణి అక్కడే కుక్క కరిచింది. వాళ్ళ నాన్న వాణ్ణి ఎత్తుకుని ముందు నా దగ్గరికే పరిగెత్తుకొచ్చాడు, ఊళ్ళో సూది వేసేది నేనే గనక. పంపు కింద సబ్బుతో పావుగంట కడిగించి టౌను ఆసుపత్రికి పంపాను. వేళకు టీకా పడింది, బతికాడు. దేశమంతటా అలా కలిసి రాలేదు. రాబందులు పోయిన జిల్లాల్లో 2000 నుంచి 2005 లోపు జరిగిన అదనపు మరణాలు దాదాపు 5 లక్షలని ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో లెక్క వేశారు. నేను సూది వేసింది గేదెకు. అది ఎక్కడెక్కడికి పోయిందో చూడండి.

మీకు ఒక కాకి రాలేదు. ముంబైలో పార్సీలకు మొత్తం రాబందులే రాలేదు. వాళ్ళు పోయినవాళ్ళను కాల్చరు, పూడ్చరు. డూంగర్‌వాడిలో ఎత్తైన గుండ్రటి కట్టడం మీద ఉంచి పక్షులకు అప్పగిస్తారు. ఆ పక్షులు లేకపోయేసరికి, అద్దాలు బిగించి ఎండను శవాల మీదికి మళ్ళించుకోవాల్సి వచ్చింది. తరతరాల అంత్యక్రియ ఒక నొప్పిమందు వల్ల ఆగిపోయింది. ఆ కొడుకులకు వాళ్ళ మేనత్తలు ఏం చెప్పుకున్నారో.

మన పెద్దలకు ఈ సైన్సంతా ముందే తెలుసని రాసే మనిషిని కాను నేను. తెలియదు. తెలిసిందల్లా ఎవరెవరికి విస్తరి వేయాలో. మా అమ్మ బియ్యప్పిండితో ముగ్గు వేసి, మధ్యాహ్నానికి చీమలు దాన్ని చెరిపేస్తే సంతోషించేది. కాకికి ఒక ముద్ద, ఆవుకు ఒకటి, కుక్కకు ఒకటి. దీన్నే శాస్త్రంలో భూతయజ్ఞం అన్నారు. అమ్మకు ఆ మాట తెలియదు. చేయకపోతే అన్నం సయించేది కాదు, అంతే.

ఇంకొక్కటి చెప్పి మిమ్మల్ని వదిలేస్తాను. రాముడికి తండ్రి పోయేటప్పుడు పక్కన ఉండే యోగం లేదు. అడవిలో జటాయువు కళ్ళముందే ప్రాణం విడిస్తే, తండ్రితో సమానమని చితి పేర్చి, పచ్చగడ్డి మీద పిండం పెట్టి, గోదావరికి పోయి ఉదకం వదిలాడు. వాల్మీకి అరణ్యకాండలో ఉంది. చచ్చినదాన్ని తినే పక్షికి ఒక రాజకొడుకు చేసిన కర్మ అది. మీరు నిలబడింది ఆ నీళ్ళలోనే నాయనా. మీ పిండం ఆవు తిన్నది, మెట్ల మీద రాలిన మెతుకులు చీమలో చేపలో తినే ఉంటాయి. ఈ రాత్రికి పడుకోండి.

ప్రశ్న: రాబందు ఇంటి మీద వాలితే ఆ ఇల్లు పాడుపెట్టాలంటారు. ఊళ్ళోవాళ్ళను పీడించేవాణ్ణి రాబందు అని తిడతాం. అంత చెడ్డ పక్షా అది?
– ఒక పాఠకురాలు, హిందూపురం

జవాబు: అమ్మా, ఈ రోజుల్లో మీ ఇంటి మీద రాబందు వాలితే ఇల్లు పాడుపెట్టకండి. అటవీ శాఖకు ఫోన్ చేయండి, నాకూ ఒక ఉత్తరం ముక్క రాయండి, రాత్రి బస్సుకే బయల్దేరి వస్తాను.

ఆ తిట్టుకు మూలం చాలా పాతది. సంస్కృతంలో రాబందును గృధ్రం అంటారు, అంటే ఆశపోతు అని. ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రంలో 'మా గృధః' అన్నదీ అదే ధాతువు, ఆశపడకు అని. పేరు పెట్టినవాళ్ళు గొడ్డు మీద అవి తోసుకోవడం చూసి పెట్టి ఉంటారు. నేనూ చూశాను కాబట్టి పూర్తిగా కాదనలేను. కాకపోతే అది ఆశపడేది ఎవరికీ అక్కర్లేని దాని కోసం. వడ్డీవాడు ఆశపడేది మీ పుస్తెలతాడు కోసం. పోలిక మనమే తప్పు పెట్టాం.

మీరు హిందూపురం అని రాశారు గనక అడుగుతున్నాను, లేపాక్షికి ఎన్నిసార్లు వెళ్ళారు? పడిపోయిన జటాయువును చూసి రాముడు 'లే పక్షీ' అన్నాడని, ఊరికి ఆ పేరే వచ్చిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. చరిత్రకారులు ఒప్పుకోరులెండి. ఒప్పుకోకపోయినా, ఒక రాబందును లెమ్మని పిలిచిన మాటను ఊరిపేరుగా చెప్పుకునే జనం మనం. ఆ పక్షి వాలితే ఇల్లొదిలి పారిపోయేవాళ్ళమూ మనమే. అటు తెలంగాణలో బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట అని నిలువు కొండ ఉంది. 2013లో అక్కడ పొడవుముక్కు రాబందులు గూళ్ళు పెట్టి కనిపించాయి. నేను ఒకసారి పోయాను. అంత దూరం నడిచినందుకు రాతి మీద తెల్లటి రెట్ట చారలు, పైన బాగా ఎత్తులో గిరికీలు కొడుతున్న మూడు చుక్కలు, అంతే దక్కింది. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. దానికి నొప్పిమందు మాత్రం వేసుకోలేదు.

ప్రశ్న: నాకు పది గేదెలున్నాయి. గేదెలకు వేసే నొప్పిమందు వల్ల రాబందులు చస్తాయని పోయిన సంచికలో మీరు ఒక వాక్యం రాశారు. మా దగ్గర అసలు రాబందులే లేవు. గేదెకు నొప్పి వస్తే నేను చూస్తూ ఊరుకోవాలా?
– ఒక పాడి రైతు, నరసరావుపేట దగ్గర

జవాబు: ఊరుకోవద్దు. నొప్పితో ఉన్న పశువును చూస్తూ ఊరుకోమని చెప్పే ఆధ్యాత్మికత నాకు అక్కర్లేదు.

మెలాక్సికామ్ అని ఉంది. నొప్పికీ వాపుకీ బాగా పనిచేస్తుంది, రాబందులకు హాని లేదని పరీక్షించి చూశారు. మీ డాక్టరును అదే రాయమని అడగండి. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడకూడదని 2006లోనే ఆపేశారు. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా 2023 నుంచి నిషేధం. అయినా మనుషులకని అమ్మే డైక్లోఫెనాక్ సీసాలు తెచ్చి గేదెలకు పొడిచేవాళ్ళు ఉండేవాళ్ళు. అందుకే 2015లో ఆ పెద్ద సీసాలు మాన్పించి 3 మిల్లీలీటర్ల చిన్నవే అమ్మాలన్నారు. ఎవరైనా 'చవగ్గా పనయిపోతుంది' అని నాలుగు చిన్నవి కలిపి పొడవబోతే వద్దనండి. ఏ మందు పడ్డాక పశువు చచ్చిందో తెలియకపోతే దిబ్బ మీద పడేయకుండా లోతుగా గొయ్యి తీసి పూడ్చండి. పైన ముళ్ళకంప వేయండి, కుక్కలు తవ్వకుండా.

మీ దగ్గర రాబందులు లేవన్నారు. మీ తాతగారినో, ఆ వయసు వాళ్ళనో అడిగి చూడండి, ఎప్పటి నుంచి లేవో.

ప్రశ్న: నేను ఐటీ ఉద్యోగిని, డాలస్‌లో ఉంటాను. రెండేళ్ళుగా ధ్యానం చేస్తున్నాను. కొంతకాలానికి సర్వజీవులూ తనలోనే ఉన్నట్టు అనుభవం కలుగుతుందంటారు. నాకు నడుము నొప్పి తప్ప ఏమీ కలగడం లేదు. టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?
– ఒక పాఠకుడు

జవాబు: బాబూ, నాకూ కలగలేదు. ముప్పై మూడేళ్ళు గొడ్ల కడుపుల్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి దూడల్ని తిప్పి బయటికి లాగాను. అంతకంటే దగ్గరగా ఇంకో ప్రాణిలోకి ఎవరు వెళ్తారు? అప్పుడు నాకు కలిగిన అనుభవం, చెయ్యి తిమ్మిరెక్కడం. ఆ సూది వేసిన రోజు కూడా ఏమీ అనిపించలేదు. అనిపించనంత మాత్రాన మందు గేదె ఒంట్లో ఆగిపోలేదు కదా.

నడుముకు గోడ ఆనించుకుని కూర్చోండి, తప్పేం లేదు. ఈ నెలకు ధ్యానంతో పాటు ఇంకో పని ఇస్తున్నాను. మీ వంటింట్లో రోజూ పారేసే తిండి ఏ బండిలో ఎక్కడికి పోతుందో, అక్కడ దాన్ని ఏ పురుగు, ఏ పక్షి తింటుందో, లేక ఎవరికీ అందకుండా ప్లాస్టిక్ సంచిలోనే ఉండిపోతుందో కనుక్కోండి. ఆఫీసు సెలవు రోజున ఆ బండి వెనకాలే కారు వేసుకుని వెళ్ళినా సరే. ఏం చూశారో రాయండి, వచ్చే సంచికలో వేసుకుందాం.